కాంకరర్ కొట్టినా టీమ్ పిలవట్లేదా? బీజీఎంఐలో స్క్రిమ్స్ నుంచి కాంట్రాక్టు దాకా ఎలా వెళ్లాలి

పబ్జీ మొబైల్‌కి ఇండియా రూపమైన బీజీఎంఐలో కాంకరర్ అంటే సర్వర్‌లో మొదటి 500 మందిలో ఉన్నట్టు. అది కొట్టి, ఇన్‌స్టాలో నాలుగు క్లచ్ వీడియోలు పెట్టి, "ట్రయల్స్ ఏమైనా ఉన్నాయా అన్నా" అని కనిపించిన ప్రతి ఇన్‌బాక్సులోనూ అడిగే కుర్రాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. చాలామంది ఆట నిజంగానే బాగుంటుంది. పిలుపు మాత్రం రాదు. ఎందుకంటే ప్లేయర్ కావాల్సిన టీమ్ బ్యాడ్జీలు వెతుక్కుంటూ కూర్చోదు. రోజూ తమ లాబీలో, అంటే తాము ఆడే మ్యాచ్‌లో, ఎదురుపడేవాళ్లలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూస్తుంది. ఆ తర్వాత అతనితో ఆడినవాళ్లకు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "ఎలాంటోడు?"

ఆ ఫోన్ ఎత్తినవాళ్లు మీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పే స్థితికి ఎలా రావాలన్నదే ఇక్కడ చెప్పబోయేది. గన్ కంట్రోల్, గైరో సెట్టింగులు నేర్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి, వాటి జోలికి పోను.

పెద్ద స్టేజీకి వెళ్లే దారి మూసేసి ఏమీ లేదు. బీజీఎంఐ పెద్ద టోర్నీ అయిన బీజీఐఎస్‌లో మొదటి దశ రిజిస్ట్రేషన్ మామూలు ప్లేయర్లకూ తెరిచే ఉంటుంది. 2024 బీజీఐఎస్ ఫైనల్స్ జూన్ 28 నుంచి 30 దాకా మన హైదరాబాద్ హైటెక్స్‌లోనే జరిగాయి. మొత్తం బహుమతి 2 కోట్లు, గెలిచింది టీమ్ ఎక్స్‌స్పార్క్. ఆ టీమ్ యజమాని, స్కౌట్ అనే ప్లేయర్ కూడా ఒకప్పుడు లాబీల్లో ఆడి పైకొచ్చినవాడే.

ముందు పాయింట్ల లెక్క వంటబట్టించుకోండి

ర్యాంక్ కోసం ఆడే క్లాసిక్ మ్యాచ్ వేరు, పోటీ లాబీ వేరు. పోటీలో 16 టీములు, 64 మంది. చికెన్ డిన్నర్‌కి, అంటే మొదటి స్థానానికి, 10 పాయింట్లు, రెండో స్థానానికి 6, ఆ తర్వాత వరుసగా 5, 4, 3, 2, ఏడు ఎనిమిది స్థానాలకు ఒక్కొక్కటి. తొమ్మిదో స్థానం నుంచి సున్నా. ప్రతి ఫినిష్‌కీ, అంటే ఎదుటివాణ్ణి చంపిన ప్రతిసారీ, ఒక పాయింటు.

కాగితం మీద వేసి చూడండి. ఆరు మ్యాచ్‌ల రోజు. ఒక టీమ్ ఒక మ్యాచ్‌లో 12 ఫినిష్‌లతో డిన్నర్ కొట్టింది: 22 పాయింట్లు. మిగతా ఐదింట్లో దిగీదిగగానే ఫైట్‌కి పోయి, మ్యాచ్‌కి రెండేసి ఫినిష్‌లు తీసి పద్నాలుగో స్థానంలో బయటికొచ్చింది: 10 పాయింట్లు. మొత్తం 32. ఇంకో టీమ్‌కి ఒక్క డిన్నర్ కూడా లేదు, ప్రతి మ్యాచ్‌లో నాలుగో స్థానం, నాలుగు ఫినిష్‌లు. మ్యాచ్‌కి 8 చొప్పున 48. యూట్యూబ్‌లో షార్ట్ అయ్యేది మొదటి టీమ్ ఆట, పై రౌండుకి వెళ్లేది రెండో టీమ్. మీరు ర్యాంక్ పుష్‌లో నేర్చుకున్న అలవాట్లలో సగం ఈ లెక్క ముందు పనికిరావని తెలిసిన రోజు నుంచే అసలు ప్రాక్టీస్ మొదలైనట్టు.

ఇంకో రెండు విషయాలు కూడా ముందే చూసుకోండి. ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో ఆడటం), ట్రిగ్గర్లు (ఫోన్‌కి తగిలించే బటన్లు), ట్యాబ్లెట్ లాంటివి అధికారిక పోటీల్లో కుదరవు. కాబట్టి ఏ ఫోన్‌తో పోటీకి దిగుతారో దానితోనే ప్రాక్టీస్ చేయండి, ఐప్యాడ్‌లో ఎంత బాగా ఆడినా లాభం లేదు. రెండోది వయసు. పెద్ద టోర్నీలకు మామూలుగా 16 ఏళ్లు నిండాలి, 18 లోపువాళ్లకు ఇంట్లోవాళ్ల సంతకం కావాలి. పైగా 2023లో ఆట తిరిగొచ్చినప్పుడు 18 లోపువాళ్లకు రోజుకు 3 గంటలు, మిగతావాళ్లకు 6 గంటలు అని పరిమితి పెట్టారు. ఉన్న గంటల్ని క్లాసిక్‌లో తగలేసి స్క్రిమ్స్ (పోటీ పద్ధతి ప్రాక్టీస్ మ్యాచ్‌ల) టైమ్‌కి ఖాళీ అయిపోకండి. రూల్‌బుక్ సీజన్‌కోసారి మారుతుంది. టీమ్‌లో ఒక్కరైనా దాన్ని చివరి పేజీ దాకా చదవాలి.

నలుగురిని పోగేసి, విడిపోకుండా నిలబెట్టండి

ఫ్రెండ్స్‌తో టీమ్ కట్టొచ్చు, తప్పేం లేదు. కానీ పనులు పంచుకోవాలి. ఐజీఎల్ అంటే ఎటు వెళ్లాలో, ఎప్పుడు ఫైట్ తీసుకోవాలో, ఎప్పుడు వదిలేయాలో చెప్పేవాడు. ఎంట్రీ ఫ్రాగర్ ముందు దూకుతాడు. సపోర్ట్ స్మోక్‌లు, నేడ్‌లు, రివైవ్‌లు చూసుకుంటాడు. స్కౌట్ బండేసుకుని దూరం నుంచి సమాచారం తెస్తాడు. గల్లీ క్రికెట్‌లో బ్యాట్ ఎవరిదైతే వాడే కెప్టెన్ అయినట్టు, మంచి ఫోన్ ఉన్నవాడినో యూట్యూబ్ ఛానెల్ ఉన్నవాడినో ఐజీఎల్ చేసే టీములు మన దగ్గర లెక్కలేనన్ని. ఆ పని ఎవరికివ్వాలంటే, తను నాక్ అయి నేల మీద పాకుతున్నప్పుడు కూడా మామూలు గొంతుతో మాట్లాడగలిగినవాడికి.

టీములు ఎక్కువగా చెడేది మైకులోనే. ఇది వినండి:

"అరేయ్ కొడుతున్నాడ్రా, అక్కడ, అక్కడే, ఆ ఇంటి దగ్గర! నేను పోయా. ఎవడూ చూడరేంట్రా!"

దీంట్లో సమాచారం ఎంతుంది? ఒక ఇల్లు ఉంది, ఒకడు పోయాడు. ఎరాంగెల్ మ్యాప్‌లో ఇళ్లకేం కొదవ? అదే ఇంకో టీమ్‌లో:

"నూట పది. రెండంతస్తుల ఇల్లు, పై కిటికీ. ఒక్కడే. సగం తగిలింది. నేను నాక్, స్మోక్ వద్దు, ముందు వాణ్ణి లాగండి."

దిక్సూచిలో డిగ్రీ, గుర్తు పట్టే వస్తువు, ఎంతమంది, ఎంత దెబ్బ తగిలింది, ఇప్పుడేం చేయాలి. ఈ వరుసలోనే మాట్లాడటం నలుగురికీ అలవాటయ్యేదాకా మిగతా ప్రాక్టీస్ పక్కన పెట్టినా నష్టం లేదు. చచ్చిపోయాక నోరు మూసుకోవడం కూడా ఈ ప్రాక్టీస్‌లో భాగమే. బతికున్నవాడికి అడుగుల చప్పుడు వినపడాలి కదా.

మన తెలుగు కుర్రాళ్లకు ఇంకో చిక్కుంది. దేశంలో పెద్ద టీముల కాల్స్ చాలామటుకు హిందీలో నడుస్తాయి. హైదరాబాద్ వాళ్లకు పెద్ద ఇబ్బంది ఉండదు, ఒంగోలు నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చినవాడికి ఉంటుంది. ట్రయల్స్‌లో గన్ బ్రహ్మాండంగా ఆడి, కాల్స్ సగం సెకను ఆలస్యంగా అర్థమై వెనకబడ్డవాళ్లు ఉన్నారు. హిందీ అంతా రానక్కర్లేదు. ఆటకు కావలసిన వంద మాటలు చాలు. పెద్ద ప్లేయర్లు లైవ్‌లో ఆడే స్క్రిమ్స్ పెట్టుకుని, కాల్ వినపడగానే వీడియో ఆపి "ఇప్పుడు నేనైతే ఎటు తిరగాలి" అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. వారంలో రెండు రోజులు మీ టీమ్ కాల్స్‌నే హిందీలో పెట్టుకోండి. మొదట్లో ఒకళ్లనొకళ్లు చూసి నవ్వుకుంటారు, ఫర్వాలేదు.

ఇంకొకటి. చుట్టూ ఉన్నవాళ్ల ఆట ఏ స్థాయిలో ఉంటే మన ఆటా అక్కడే ఆగుతుంది. టెక్కెన్ అనే ఫైటింగ్ ఆటలో లాహోర్ నుంచి అర్సలాన్ ఆష్ అనే కుర్రాడు 2019 ఫిబ్రవరిలో ఈవో జపాన్ అనే పెద్ద టోర్నీ గెలిచాడు, అదే ఏడాది ఆగస్టులో లాస్ వేగస్‌లో "నీ" (Knee) అనే కొరియా దిగ్గజాన్ని ఫైనల్లో ఓడించి ఈవో కూడా గెలిచాడు. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడని ప్రపంచమంతా అడిగితే, నాలాంటివాళ్లు మా దగ్గర ఇంకా ఉన్నారన్నాడు. ఊరికే అన్న మాట కాదని తర్వాత తేలింది. 2022 టెక్కెన్ వరల్డ్ టూర్ ఫైనల్స్‌ని అతిఫ్ బట్ అనే ఇంకో పాకిస్తానీ పట్టుకుపోయాడు. వాళ్లకు వీసాలు దొరకడమే గగనం. ఒకళ్లనొకళ్లు రోజూ చితక్కొట్టుకునే గుంపు మాత్రం ఉంది. మీ ఊళ్లో మీకంటే బాగా ఆడేవాడు ఎదుటి టీమ్‌లో ఉంటే వాణ్ణి తిట్టుకోవడం మానేసి, ఆదివారం వన్ వర్సెస్ వన్‌కి పిలవండి.

స్క్రిమ్స్‌లోకి వెళ్లండి, అక్కడి మర్యాద తెలుసుకుని వెళ్లండి

మీ పేరు నిలబడేదైనా పోయేదైనా ఇక్కడే. స్క్రిమ్స్ అంటే పోటీ పద్ధతిలో, కస్టమ్ రూమ్‌లో ఆడే ప్రాక్టీస్ మ్యాచ్‌లు. డిస్కార్డ్ సర్వర్లలో నడుస్తాయి. కింది స్థాయివి టీ3, వాటిపైన టీ2, పెద్ద టీములు ఆడేవి టీ1. టీ3 స్క్రిమ్స్ రోజూ ఎక్కడో ఒకచోట ఫ్రీగా దొరుకుతాయి.

పద్ధతి ఇలా ఉంటుంది. చెప్పిన టైమ్‌కి రిజిస్ట్రేషన్ ఛానెల్ తెరుస్తారు. టీమ్ పేరు రాసి, నలుగురినీ ట్యాగ్ చేసి పంపాలి. బాట్ టిక్ పెడితే స్లాట్ దొరికినట్టు. కాసేపట్లోనే నిండిపోతాయి కాబట్టి ఆ మెసేజ్ ముందే టైప్ చేసి పెట్టుకోండి. తర్వాత స్లాట్ లిస్ట్ వస్తుంది. చాలా చోట్ల ముందు ఒకటి రెండు స్లాట్లు హోస్ట్ వాళ్లవి, టీములవి ఆ తర్వాత మొదలవుతాయి. మ్యాచ్‌కి కొద్ది నిమిషాల ముందు ఐడీపీ, అంటే రూమ్ ఐడీ, పాస్‌వర్డ్ పడుతుంది. రూమ్‌లోకి వెళ్లి మీ నంబర్ స్లాట్‌లోనే కూర్చోవాలి. ఇంకోళ్ల స్లాట్‌లో కూర్చుంటే హోస్ట్ కిక్ కొడతాడు, పాయింట్ల పట్టికా తారుమారవుతుంది.

ఇక చెప్పకపోయినా పాటించాల్సిన సంగతులు. స్లాట్ తీసుకుని రాలేకపోతే ముందే క్యాన్సిల్ చేయండి, వెయిటింగ్‌లో ఉన్న టీమ్‌కి పోతుంది. రాకుండా ఊరుకున్న టీమ్‌ని హోస్ట్ బ్యాన్ చేస్తాడు, చేయకపోయినా గుర్తు పెట్టుకుంటాడు. ఐడీపీ బయటివాళ్లకు ఇవ్వొద్దు. మొదటి మ్యాచ్‌లో తొందరగా పోయామని మిగతా మ్యాచ్‌లు వదిలేసి వెళ్లిపోవద్దు. నాకు తెలిసిన హోస్టులందరికీ హ్యాకర్ల తర్వాత అంత ఒళ్లు మండేది వీళ్లంటేనే. రెండో మ్యాచ్‌లో నాలుగు టీములు మాయమైతే ఉన్న పన్నెండు టీముల ప్రాక్టీస్ కూడా బూడిదలో పోసిన పన్నీరే కదా. పక్క టీమ్‌లో ఫ్రెండ్ ఉన్నాడని కాల్చకుండా వదిలేయడం టీమింగ్ కిందికే వస్తుంది, ఒక్కసారి దొరికితే పదిచోట్ల మీ పేరు తిరుగుతుంది.

డ్రాప్, అంటే మ్యాప్‌లో దిగే చోటు, దాని గొడవ గురించి కొంచెం ఆగి చెప్పాలి, కొత్త టీములు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పోటీ లాబీల్లో ప్రతి టీమ్‌కీ మ్యాప్‌లో ఒక ఇల్లు లాంటిది ఉంటుంది. ఒకరిది పొచింకీ, ఒకరిది స్కూల్, ఒకరిది మిల్టా పవర్. రోజూ అక్కడే దిగుతారు, లూట్, బండ్లు, జోన్ (ఆట సాగేకొద్దీ కుంచించుకుపోయే వలయం) ఎటు పడితే ఎటు వెళ్లాలో అన్నీ ఆ చోటుకి తగ్గట్టు కట్టుకుంటారు. మీరు కొత్తగా వెళ్లి అదే చోట దిగారనుకోండి, ఇద్దరికీ మొదటి రెండు నిమిషాల్లోనే సగం టీమ్ పోతుంది. అలాగని ఎవరూ లేని మూలన రెండు ఇళ్ల మధ్య దిగి ఒక్క పిస్టల్‌తో బయటికి రావాలా? అక్కర్లేదు. మొదటి వారం లాబీని గమనించండి. ఎవరెక్కడ దిగుతున్నారో మ్యాప్ బొమ్మ మీద రాసుకోండి. ఖాళీ చోటు దొరికితే తీసుకోండి. దొరక్కపోతే ఆ టీమ్ ఐజీఎల్‌కి డిస్కార్డ్‌లో మర్యాదగా రాయండి: "బ్రో, మేము కూడా అక్కడే దిగాలనుకుంటున్నాం. సగం సగం పంచుకుందామా, తేల్చుకుందామా?" కొందరు ఒప్పుకుంటారు, కొందరు రమ్మంటారు. రమ్మంటే వెళ్లండి. నాలుగు రోజులు గట్టిగా నిలబడి కొట్టిన టీమ్‌కి చోటు వదిలి వెనక్కి తగ్గినవాళ్లు చాలామంది. చెప్పి తేల్చుకున్నవాళ్ల మధ్య పగ మిగలదు, తర్వాత ఐదో ప్లేయర్ కావాల్సి వచ్చినప్పుడు వాళ్లే గుర్తు చేసుకుంటారు.

ఇదంతా స్క్రిమ్స్‌లో మాట. అధికారిక టోర్నీలో ముందే మాట్లాడుకుని ఆడటం నిబంధనలకు విరుద్ధం కావచ్చు, అక్కడ రూల్‌బుక్‌దే చివరి మాట.

ఆడిన మ్యాచ్ మళ్లీ చూడండి

స్క్రీన్ రికార్డింగ్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. నలుగురి రికార్డింగులూ చూసే ఓపిక ఎవరికీ ఉండదు, ఐజీఎల్‌ది చాలు. మ్యాచ్ మొత్తం కూడా అక్కర్లేదు. చచ్చిన చోట ఆపి, అక్కడి నుంచి రెండు నిమిషాలు వెనక్కి వెళ్లండి. "రీకాయిల్ తప్పింది", "వాడు ప్రీఫైర్ కొట్టాడు" అనేవన్నీ చివరి సెకను మాటలు. రెండు నిమిషాల వెనక ఏం కనిపిస్తుందంటే, జోన్ పడ్డాక నలభై సెకన్లు ఎవరూ ఏమీ అనలేదు, లేదా స్కౌట్ "రెండొందల నలభైలో బండి చప్పుడు" అన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. రాసుకోవాల్సింది అది. రోజుకి ఒక్క తప్పు రాసుకుని మర్నాడు దాని మీదే ఆడితే చాలు. చర్చ పెట్టేది ఆట అయిన వెంటనే వద్దు. అన్నాలు తిన్నాక, కోపాలు చల్లారాక.

ఓడినప్పుడు, తిట్టినప్పుడు, హ్యాకర్ అన్నప్పుడు

మన గేమింగ్ గుంపుల్లో నోటి దురుసు ఎక్కువ. అమ్మానాన్నల మీద తిట్లు, ఊరి మీద, యాస మీద వెటకారం, మైకులో అమ్మాయి గొంతు వినపడగానే మొదలయ్యే వేషాలు. "గేమింగ్ అంటే అంతే బ్రో" అని సర్దుకుపోయేవాళ్లతో నాకు పడదు. అమ్మాయిలు చాలామంది మైకు ఆఫ్ చేసుకుని ఆడుతున్నారంటే మంచి ప్లేయర్లను మనమే చేతులారా పోగొట్టుకుంటున్నట్టు. మీ టీమ్‌లో ఒక్కడు అలా మాట్లాడితే మిగతా ముగ్గురి పేరూ దాంతోనే పోతుంది. ఇదివరకు లైవ్‌లో అన్న మాటను క్లిప్ చేసి, టీమ్ ప్రకటించిన రోజే బయటికి తీసేవాళ్లుంటారు. స్పాన్సర్ దాకా వెళ్లాక "చిన్నతనంలో అన్నాను" అంటే వినరు.

బాగా ఆడుతున్నకొద్దీ "హ్యాక్ రా వీడు" అనే మాట కూడా తప్పదు. గ్రూపులో వాదనకు దిగొద్దు. చేతులు, స్క్రీన్ రెండూ కనపడేలా హ్యాండ్‌క్యామ్ రికార్డింగ్ పెట్టుకుని, హోస్ట్ అడిగితే అతనికే పంపండి. పెద్ద పోటీల్లో ఎలాగూ అడుగుతారు, ఇప్పుడే అలవాటైపోతుంది. మీకే ఎవరిమీదైనా అనుమానం వస్తే క్లిప్ హోస్ట్‌కి ఒక్కడికే పంపి ఊరుకోండి. స్టోరీలో పెట్టి, తర్వాత తప్పని తేలితే మీ మాటకు విలువుండదు.

డబ్బు దగ్గర గీత ఎక్కడుందో తెలుసుకోండి

"తలా యాభై వేయండి, గెలిచినవాడికి మొత్తం" అనే రూములు వాట్సాప్, టెలిగ్రామ్‌లలో బోలెడు. వాటి జోలికి వెళ్లొద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం పెట్టాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆన్‌లైన్ మనీ గేమ్‌లను దేశమంతటా నిషేధించి, ఇ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది. ఇ-స్పోర్ట్స్‌లో పోటీలో చేరడానికో నిర్వహణ ఖర్చులకో ఎంట్రీ ఫీజు ఉండొచ్చు, ఆటను బట్టి బహుమతి ఉండొచ్చు, పందెం మాత్రం ఎవరూ కాయకూడదు. పందెం ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. "మా ఊరి కుర్రాళ్లకోసమే కదా" అని మీరే అలాంటి రూమ్ నడపడం మొదలుపెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

మోసాల్లో పాతవి రెండున్నాయి. "మా ఆర్గ్‌లో (సంస్థలో) సెలెక్ట్ అయ్యావు, జెర్సీకి, రిజిస్ట్రేషన్‌కి రెండు వేలు పంపు" అనేది ఒకటి. నిజమైన సంస్థ ప్లేయర్‌కి డబ్బులిస్తుంది, అడగదు. ట్రయల్స్‌కోసం మీ ఐడీ లాగిన్ అడగడం రెండోది. మీ అకౌంట్ ఎవరికీ ఇవ్వక్కర్లేదు, ఎవరి అకౌంటూ కొనక్కర్లేదు. అలా దొరికితే అకౌంట్ బ్యాన్ అవుతుంది, దాంతోపాటు పోటీ అర్హతా పోతుంది.

గెలిచిన సొమ్ము మీద ఆటల గెలుపు కింద మామూలుగా 30 శాతం పన్ను కోసి చేతికిస్తారు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా ముందే సిద్ధంగా పెట్టుకోండి. లక్ష గెలిచామని ఇంట్లో చెప్పేటప్పుడు చేతికొచ్చేదెంతో లెక్కేసి చెప్పండి, నలుగురు పంచుకోవాలి కూడా.

కాంట్రాక్టు మీద సంతకం పెట్టే ముందు

పిలుపు వచ్చింది. జెర్సీ ఫొటో చూసి ఉత్సాహం ఆగదు. ఒక్క రెండు రోజులు టైమ్ అడగండి. రెండు రోజులు కూడా ఇవ్వం అని వాళ్లంటే అక్కడే అనుమానించండి.

చదవాల్సినవి ఇవి: నెల జీతం ఎంత, ఏ తేదీకి, ఒక నెల ఇవ్వకపోతే మీరేం చేయొచ్చు. బహుమతి సొమ్ములో సంస్థ వాటా ఎంత. మీ యూట్యూబ్ ఆదాయంలో వాళ్లకు వాటా ఉందా, కాంట్రాక్టు అయ్యాక ఛానెల్ ఎవరిది. ఫోను, బూట్‌క్యాంపులో (టీమంతా కలిసి ఉండి ప్రాక్టీస్ చేసే చోట) వసతి ఇస్తే బయటికెళ్లేటప్పుడు తిరిగి కట్టాలా. అన్నిటికంటే ముఖ్యం బైఅవుట్. అంటే గడువులోపు ఇంకో టీమ్ మిమ్మల్ని తీసుకోవాలంటే పాత సంస్థకు కట్టాల్సిన సొమ్ము. జీతం పదిహేను వేలు పెట్టి బైఅవుట్ పదిహేను లక్షలు రాస్తే మిమ్మల్ని ఇంకెవరూ తీసుకోలేరు, బెంచీ మీద కూర్చోబెట్టినా మీరు కదల్లేరు. టీమ్‌నుంచి తీసేస్తే బైఅవుట్ లేకుండా వెళ్లిపోవచ్చు అనే ఒక్క వాక్యం రాయించుకోండి. 18 నిండనివాళ్లు సొంతంగా చేసుకున్న ఒప్పందం మన చట్టం ప్రకారం చెల్లదు, అమ్మో నాన్నో ఉండాలి. మీ ఊళ్లో ఏ లాయర్ దగ్గరికెళ్లినా కాగితం చదివి చెప్పడానికి కొంచెం ఫీజు తీసుకుంటాడు. ఆ ఖర్చుకి వెనకాడొద్దు.

ఇంట్లో ఒప్పించడం వేరే యుద్ధం. ఇంటర్‌లో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఫోనే ఉండనివ్వరు, బీటెక్‌లో సప్లీలు పడితే మొదటి నింద ఆటదే. మాటలతో గెలవలేరు. నాలుగు నెలల స్క్రిమ్స్ పట్టిక, వచ్చిన బహుమతుల బ్యాంకు స్టేట్‌మెంట్, సెమిస్టర్ మార్కులు మూడూ కలిపి చూపించండి. 2022 డిసెంబరులో కేంద్రం ఇ-స్పోర్ట్స్‌ని క్రీడల శాఖ పరిధిలోకి తెచ్చిన సంగతీ చెప్పొచ్చు. మా ఇంట్లో పెద్దవాళ్లకు ఇంకోటి బాగా పనిచేసింది: వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2025లో రియాద్‌లో జరిగిన ఇ-స్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో చదరంగం ఆడి నాలుగో స్థానంలో నిలిచాడు, అదీ జెన్.జి అనే గేమింగ్ సంస్థ తరఫున. చదరంగం అనగానే మొహాలు మారిపోయాయి.

ఆట రేపు ఉండకపోతే?

ఇది ఊరికే భయపెట్టడానికి అనట్లేదు. 2020 ఆగస్టులో ఆరెంజ్ రాక్ అనే మన టీమ్ పబ్జీ మొబైల్ వరల్డ్ లీగ్ ఈస్ట్‌లో రెండో స్థానంలో నిలిచింది. సెప్టెంబరు 2న ఆట నిషేధించారు. 2021 జులైలో బీజీఎంఐగా వచ్చింది, 2022 జులై 28న మళ్లీ స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మే చివర్లో గానీ తిరిగి రాలేదు. ఆ పది నెలల్లో కొందరు అపెక్స్ లెజెండ్స్ మొబైల్‌కి మారితే, 2023 మే 1న దాన్నీ మూసేశారు. ఆ రోజుల్లో నిలదొక్కుకున్నవాళ్లలో చాలామందికి గన్ కంట్రోల్‌తోపాటు ఇంకో పని కూడా వచ్చు.

ఆ పనుల్లో మనవాళ్లకు అందుబాటులో ఉన్నవి చూడండి. కాస్టింగ్, అంటే కామెంటరీ. అబ్జర్వింగ్, అంటే 64 మందిలో ఏ క్షణాన ఎవరి స్క్రీన్ చూపించాలో నిర్ణయించడం. అనలిస్ట్ పని, టోర్నీ నిర్వహణ, పాయింట్ల పట్టికలు, పోస్టర్లు, ఎడిటింగ్. వీటిలో అబ్జర్వర్లు దొరకడమే కష్టం. మ్యాప్ అంతా తలలో ఉండి, ఫైట్ మొదలయ్యేలోపే అక్కడికి కెమెరా తీసుకెళ్లగలిగినవాడు కావాలి, అది ఐజీఎల్‌గా ఆడినవాళ్లకు తొందరగా పట్టుబడుతుంది.

మొదలుపెట్టడం సులువే. మీరు రోజూ ఆడే స్క్రిమ్స్ హోస్ట్‌కి, మీ టీమ్‌కి స్లాట్ లేని రోజు చూసి, "ఈరోజు స్పెక్టేటర్‌గా కూర్చుని స్ట్రీమ్ నేను చూసుకుంటా" అని రాయండి. వద్దనేవాళ్లు తక్కువ. పక్కనే కామెంటరీ చెప్పేందుకు ఇంకో ఫ్రెండ్‌ని పెట్టుకోండి, తెలుగులోనే చెప్పించండి. అయ్యాక రికార్డింగ్‌లో ఎన్ని ఫైట్లు ఆలస్యంగా అందుకున్నారో లెక్కపెట్టి, మర్నాడు మళ్లీ అడగండి.